గోడకు అవతల సమాధానం

మా ఇంటికీ కుర్చీలాయన ఇంటికీ మధ్య ఉన్నది ఒకే గోడ. ఒక్క ఇటుక మందం. ఆయన తుమ్మితే మా ఇంట్లో గిన్నెలు మోగుతాయని మా ఆయన నవ్వేవారు. పదకొండేళ్లు ఆ గోడకు ఇవతల కాపురం చేశాను. అవతల ఉన్నది ఎలాంటి మనిషో నాకు తెలియడానికి మాత్రం మా ఆయన పోవలసి వచ్చింది.

కుర్చీలాయన పని పేము కుర్చీలు అల్లడం, పాతవి బాగుచేయడం. కూర్చునేచోట అల్లిక తెగి గుంటపడ్డ కుర్చీలు ఎక్కడెక్కడి నుంచో ఆయన వరండాకి వచ్చేవి. అక్కడ పెద్ద నీళ్ల తొట్టి ఉండేది. సన్నగా చీల్చిన పేము బద్దలు అందులో నానేవి. నానిన బద్ద చెప్పినట్టు వంగుతుంది, ఆరాక బిగుసుకుంటుంది. కుర్చీ చట్రం చుట్టూ ఉన్న చిల్లుల్లో ఒకదాంట్లోంచి బద్ద లాగి, జారిపోకుండా చిన్న చెక్కమేకు గుచ్చి, ఎదుటి చిల్లుకు తీసుకెళ్లేవాడు. ముందు నిలువు, తర్వాత అడ్డం, ఆ తర్వాత ఐమూల. అలా ఆరుసార్లు తిరిగితేగానీ ఒక కుర్చీ కాదు. ఎవరైనా తొందరపెడితే, "నేను తొందరపడితే మీరు నేల మీదికి, నేను వీధి మీదికి" అనేవాడు.

భార్య చాలా కాలం క్రితమే పోయింది. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక కుంటి కుక్క. దాని పేరు మేస్త్రి. ఏదో బండి కింద పడి వెనక కాలు విరిగి వీధిలో పడి ఉంటే, ఎత్తుకొచ్చి ఆ కాలికి పేము బద్దలే పెట్టి కట్టు కట్టాడట. ఎముక అతుక్కుంది, వంకర మాత్రం పోలేదు. "నా చేతి మీద వంకరగా వచ్చిన అల్లిక ఇదొక్కటే" అని దాని వీపు నిమిరేవాడు. ఆయన అల్లుతుంటే అది ఎదురుగా పడుకుని, గడ్డం ముందుకాళ్ల మీద పెట్టుకుని, ఆయన చెయ్యి ఎటు వెళితే కళ్లు అటు తిప్పేది. అందుకే ఆ పేరు. మేస్త్రిగారు సరేననందే కుర్చీ గుమ్మం దాటదని వీధిలో అందరూ అనేవాళ్లు.

పేము గీసినప్పుడు రాలిన సన్నటి పీచును ఆయన ఊడ్చి పారేసేవాడు కాదు. గోడ మీద పెట్టేవాడు. పిచ్చుకలు వచ్చి గూళ్లకు ఎత్తుకుపోయేవి. ఒకసారి బాగుకోసం వచ్చిన కుర్చీలో ఒక పిల్లి పిల్లల్ని పెట్టింది. ఆ కుర్చీ ఒక ప్లీడరుగారిది. ఆయన వచ్చి అడిగాడు.

"నా కుర్చీ ఏదయ్యా?"

"అందులో బాలింత ఉందండి. మూడు వారాలు ఆగండి."

"కేసు వేస్తాను నీ మీద."

"వెయ్యండి. పిల్లి తరఫున నేనే వచ్చి నిలబడతాను."

ప్లీడరుగారు నవ్వాపుకోలేక వెళ్లిపోయాడు. మూడు వారాల తర్వాత కుర్చీతోపాటు ఒక పిల్లిపిల్లను కూడా తీసుకెళ్లాడు.

మా వాకిట్లో నాలుగిళ్లకు ఒకటే కుళాయి. అక్కడ బిందెల దగ్గర మాటలు ముదిరినప్పుడు కుర్చీలాయన ఏమీ అనేవాడు కాదు. లేచి, అల్లిక పూర్తయిన కుర్చీలు రెండు తెచ్చి, కుళాయి పక్కన ఎదురెదురుగా వేసేవాడు.

"నిలబడి తిట్టుకుంటే మోకాళ్లు పోతాయి. కూర్చుని తిట్టుకోండమ్మా."

కూర్చున్నాక ఏ ఆడమనిషీ ఎక్కువసేపు తిట్టలేకపోయేది. చేతులు తిప్పడానికి చోటు ఉండదు. ఎదుటామె ముఖం మరీ దగ్గరగా కనిపిస్తుంది. మా వాకిట్లో మిషను కుట్టే ఆవిడ, "కుర్చీ వేసి నా నోరు కుట్టేశాడు, పైగా కుట్టేది నేనని పేరు" అని చెప్పి అందరినీ నవ్వించేది. నేనూ నవ్వేదాన్ని. నాకు ఆ కుర్చీ అవసరం పడుతుందని అప్పుడు అనుకోలేదు. ఎందుకంటే నేను కుళాయి దగ్గర గొంతెత్తే మనిషిని కాను. మెల్లగా అంటాను. మెల్లగా అన్న మాట లోతుకు దిగుతుందని నాకు తెలుసు.

కుర్చీలాయనా మేమూ ఒకే చర్చికి వెళ్లేవాళ్లం. ఆయనది చివరి బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని "సమాధానం" అని చెప్పుకోవడం మా చర్చిలో అలవాటు. అక్కడ ఆ మాటకు శాంతి అని అర్థం. గడప దాటి బయటికొస్తే సమాధానమంటే జవాబు. నాకు బాగా వచ్చింది ఆ రెండోదే. "దీని సమాధానం ఎప్పుడూ పొయ్యి మీదే ఉంటుంది, అడగడం ఆలస్యం వడ్డిస్తుంది" అని మా అమ్మ అనేది. కుర్చీలాయన మాత్రం చివరి బల్ల దగ్గర నుంచి ముందు బల్లదాకా ఒక్కరినీ వదలకుండా చెయ్యి పట్టుకుని చెప్పేవాడు. నన్ను చెల్లెమ్మా అని, మా ఆయన్ని బావగారూ అని పిలిచేవాడు.

మా ఆయన బస్సు కండక్టరు. ఆయన బతుకంతా గొంతులోనే ఉండేది. రాబోయే స్టాపు పేరు ఆయన కేకేస్తే నిద్రపోయే వాళ్లు కూడా లేచి దిగేవాళ్లు. ఆ గొంతులోనే జబ్బు పుట్టింది. ఆపరేషను చేసి ప్రాణం నిలబెట్టారు, మాట తీసేశారు. ఇంటికొచ్చాక చేతికి పలక ఇచ్చాను. ఆయన రాత వేగం, గొలుసులా ఉండేది. నా చదువు మూడో తరగతి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేను చదివేలోపు ఆయన ముఖం అలిసిపోయేది. "పడుకోండి, రాస్తే ఆయాసం" అని పలక తీసి పక్కన పెట్టేదాన్ని. ఆయన కోసమే అలా చేస్తున్నానని అనుకున్నాను. చదవలేకపోవడం నాకు చిన్నతనంగా ఉండి చేశానని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ రోజుల్లోనే మేస్త్రి మొరగడం మొదలైంది. అంతకుముందు అది పెద్దగా మొరిగే కుక్క కాదు. నేను వంటింట్లో ఉంటే చాలు, గోడ అవతల నుంచి మూడుసార్లు మొరిగేది. కాసేపటికి మళ్లీ మూడుసార్లు. నేను పరుగున గదిలోకి వచ్చి చూస్తే ఆయన కళ్లు తెరిచి ఉండేవారు. చేతిలో చెంచా ఉండేది. నిద్ర చెడిపోయిందని నేను పళ్లు కొరుక్కునేదాన్ని. చెంచా చూసి దాహం కాబోలని నీళ్లు పట్టేదాన్ని. తాగేవారు పాపం, దాహం లేకపోయినా.

ఒకరోజు కుర్చీలాయనకు మెల్లగానే చెప్పాను. "అన్నయ్యగారూ, మీ మేస్త్రికి మా ఇంటి చావు తొందరగా చూడాలని ఉన్నట్టుంది."

ఆయన చేతిలో బద్ద ఆగిపోయింది. "తప్పు చెల్లెమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. దాన్ని వరండా ఆ చివరకు మార్చాడు. లోపల కట్టేశాడు. పొద్దున కట్టేస్తే మధ్యాహ్నానికి తాడు కొరుక్కుని మళ్లీ ఆ గోడ దగ్గరికే చేరేది. "అదేమిటో, ఆ గోడ వదలదు" అని ఆయన తలపట్టుకునేవాడు. కుర్చీల బేరాలకు బయట తిరిగే మనిషి. ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఒక చెవి సరిగ్గా వినపడదు.

ఇక చెప్పక తప్పనిది చెబుతాను. ఆ మధ్యాహ్నం మా ఆయన ఒళ్లు తుడవడానికి నీళ్లు కాచాను. సలసల మరుగుతున్న గిన్నె దించుతున్నాను, మేస్త్రి మూడుసార్లు మొరిగింది. పెరట్లో ఆ గోడ అడుగున నీళ్లు పోవడానికి ఒక తూము ఉంది. దాని దగ్గర వంగి చూస్తే అవతల గోధుమరంగు బొచ్చు కనిపించింది. గోడకు ఆనుకుని పడుకుని ఉంది. నేను ఆలోచించలేదని చెబితే అబద్ధం. ఆలోచించాను. గిన్నె వంచేముందు చుట్టూ చూశాను కూడా.

అది పెట్టిన అరుపు ఇక్కడ చెప్పలేను.

పావుగంట తర్వాత కుర్చీలాయన మా గుమ్మంలో నిలబడ్డాడు. తడిగుడ్డలో చుట్టిన మేస్త్రి ఆయన చేతుల్లో ఉంది. దాని పక్కటెముకల మీద తోలు ఎర్రగా లేచిపోయింది.

"చెల్లెమ్మా, కాలిన పుండ్ల మందు ఉందా మీ ఇంట్లో?"

తెచ్చి ఇచ్చాను. ఇస్తూ, "ఎవరో ఆకతాయి పిల్లల పని అయ్యుంటుంది" అన్నాను. ఆయన మేస్త్రిని గుమ్మంలో దించి, మందు మూత తీస్తూ తల దించుకునే అన్నాడు. "ఎవరో తట్టుకోలేనంత కష్టంలో ఉండి ఉంటారమ్మా. లేకపోతే ఇలా చెయ్యరు." నాకు ఎత్తిపొడిచినట్టు అనిపించింది. ఒళ్లు మండింది.

వెళ్లబోతూ ఆగాడు. "ఊరవతల మా మరదలు పొలం దగ్గర ఉంటుంది. రేపు అటు బండి వెళ్తోంది. దీన్ని అక్కడికి పంపెయ్యమంటే పంపేస్తాను. ఉంచమంటే ఉంచుతాను. మీకూ బావగారికీ ఎలా బాగుంటే అలా. ఆలోచించుకుని రేపు సమాధానం చెప్పండి."

నేను గదిలోకి వెళ్లేసరికి మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. నెల రోజులుగా ఎవరూ పట్టుకోకుండా లేవని మనిషి. నా చేతుల వంక చూశారు. ఒళ్లు తుడవడానికి మళ్లీ నీళ్లు పట్టిన గిన్నె నా చేతిలో ఉంది. పలక అందుకుని గబగబా రాశారు. పలక నిండా రాశారు. మొదటి మాట కూడబలుక్కున్నాను, సమాధానం అని ఉంది. కింద 'పక్కింటి' అనే మాట కనిపించింది. అంతే. "చెప్తాలెండి, పక్కింటికి సమాధానం రేపు చెప్తా, మీరు పడుకోండి" అని తడిచేత్తో పలక తుడిచేశాను. ఆయన చెయ్యి గాలిలోకి లేచి, కాసేపు అలాగే ఉండి, దిగిపోయింది.

తెల్లారాక కుర్చీలాయన వరండా ముందు నిలబడి నా సమాధానం చెప్పాను. "పంపెయ్యండి. ఒక ప్రాణం పోతుంటే ఇంకో ప్రాణం పక్కన మొరగడమెందుకు? మా ఆయన మాట కూడా అదే."

"బావగారు అలా అన్నారా?"

"పలక మీద రాశారు."

ఆయన తలూపాడు. బండి వచ్చింది. మేస్త్రి పడుకున్న గోనెసంచి కూడా దానితోనే పంపించేశాడు. ఇల్లు నిశ్శబ్దమైంది. నేను కోరుకున్నది అదే. ఐదో రోజు మా ఆయన పోయారు.

ఆ తర్వాత చర్చిలో ఆ చేతులు పట్టుకునే వేళకు ముందే లేచి బయటికి వచ్చేసేదాన్ని. భర్త పోయిన మనిషి, ఏడుపు ఆపుకోలేక వెళ్తోందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను. పదకొండు నెలలు అలాగే గడిచాయి. ఒక ఆదివారం మోకాలు పట్టేసి లేవడం ఆలస్యమైంది. కుర్చీలాయన చెయ్యి నా ముందుకొచ్చింది. బద్దలు కోసిన గీతలతో, గట్టిపడ్డ వేళ్లతో. నేను ఆ చెయ్యి చూసి కూడా సంచిలో రుమాలు వెతుక్కున్నాను. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి, దిగిపోయింది. సరిగ్గా అలా దిగిన చెయ్యి నేను అంతకుముందు ఒకటి చూశాను. 

మర్నాడు గది ఊడుస్తూ, పదకొండు నెలల్లో మొదటిసారి మా ఆయన మంచం పక్కకు లాగాను. తలగడ ఉండే ఎత్తులో గోడ సున్నం చిన్నచిన్న నొక్కులుగా రాలిపోయి ఉంది. ఒకచోట కాదు, అరచెయ్యంత మేర. వేలు పెట్టి చూశాను. గూట్లోంచి ఆయన చెంచా తెచ్చి దాని అంచు ఆ నొక్కుల్లో పెట్టాను. సరిపోయింది. ఎందుకు కొట్టారో అర్థం కాలేదు. నన్ను పిలిచారా, నేను వినలేదా అనుకున్నాను.

చెంచా చేత్తో పట్టుకుని కుర్చీలాయన వరండాలోకి వెళ్లాను. నన్ను చూడగానే ఆయన లేచి రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాడు.

"రండి చెల్లెమ్మా. కూర్చుని తిట్టుకుందాం."

కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకోవడం తప్ప చేసేదేమీ లేకపోయింది. "ఆ నీళ్లు పోసింది నేనే అన్నయ్యా" అన్నాను.

"తెలుసమ్మా. నేను వచ్చేసరికి తూములోంచి ఇంకా ఆవిరి వస్తోంది."

"మరి మా ఇంటికే వచ్చి మందు అడిగారే?"

"మందైనా మీ చేత్తో ఇస్తే మీకు కాస్త తేలికవుతుందనుకున్నాను. నా తెలివి అంతవరకే."

చెంచా చూపించి గోడ సంగతి అడిగాను. ఆయన తొట్టిలో చెయ్యి ముంచి ఒక బద్ద తీసి, మళ్లీ వదిలేశాడు.

"మీరు మోసేది చాలదా అని చెప్పలేదు" అన్నాడు. "మేస్త్రిని పంపిన రెండో రోజు నేను గోడకు దగ్గరగా కూర్చుని అల్లుతున్నాను. మంచి చెవి అటు ఉంది. టక్, టక్, టక్ అని వినిపించింది. కాసేపాగి మళ్లీ. మీరు మందుల షాపుకు వెళ్లారు. నేను మీ ఇంట్లోకి వచ్చాను. బావగారు పలక తీసి రాశారు, మేస్త్రి ఏది అని. 'నేను పిలిస్తే అది పలికేది, నాకు గొంతు లేదు కదా, దాని గొంతుతో కాలక్షేపం' అని రాశారు."

 మా ఆయన మూడు కొడితే మేస్త్రి మూడు మొరిగేది. నేను వంటింట్లో ఉన్నంతసేపూ వాళ్లిద్దరూ మాట్లాడుకునేవాళ్లు. నేను పరుగున వెళితే ఆపేసేవారు, నా ముఖం చూసి.

"మీరేం చెప్పారు?"

"పుండు మానేదాకా పంపాను బావగారూ, ఆదివారం బండికి తెచ్చేస్తాను అన్నాను. శనివారమే పోయారాయన."

"పంపించమన్నది నేనని..."

"చెప్పలేదు. ఇంకోటి కూడా రాశారమ్మా. 'పలక మీద రాస్తే మా ఇంటిది చదవకుండానే తుడిచేసింది, పక్కింటితో సమాధానపడమని రాశాను, పడిందా' అని అడిగారు. సమాధానమే బావగారూ అన్నాను. దేవుడు నా అబద్ధాన్ని ఏం చేసుకుంటాడో."

సమాధానం చెప్పమని కాదు, సమాధానపడమని. ఆయన నాకు రాసిన ఆఖరి మాట అదే. మిగతా అక్షరాలు నా తడిచేతికి అంటుకుని పోయాయి. నేను ఆ మాట తిరగేసి కత్తిలా వాడి, ఆయన పేరు కూడా దానికి తగిలించాను.  కుర్చీలాయన తన సంగతి చెప్పాడు.

"నాకో తమ్ముడుండేవాడు. పెరటిగోడ గురించి ఇద్దరం గుమ్మంలో నిలబడి మాటామాటా అనుకున్నాం. నిలబడే విడిపోయాం. ఇరవై ఏళ్లు. వాడు పోయాక వెళ్లి చూస్తే, కూర్చుని మాట్లాడుకుంటే పావుగంట పని. అప్పట్నుంచి ఈ కుర్చీల పిచ్చి. మేస్త్రిని పెట్టింది వాడి భార్య దగ్గరే."

"ఇప్పుడు తెచ్చేసుకోవచ్చు కదా?"

"మీరు వద్దన్నారు కదమ్మా. మాటిచ్చాను. వారానికోసారి వెళ్లి చూసొస్తున్నాను."

ఆ బుధవారం మేస్త్రిని తెచ్చేసుకుందామని ఇద్దరం బస్సులో వెళ్లాం. పొలం దగ్గర మేస్త్రి ఆయన్ని చూసి కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. నా చేతిలో నీళ్ల సీసా ఉంది. అది ఆ సీసా వంకే చూస్తూ వెనక్కి నడిచింది. పక్కటెముకల మీద అరచెయ్యంత మేర బొచ్చు మళ్లీ రాలేదు. సీసా దూరంగా పెట్టి మట్టిలో కూర్చున్నాను. మరదలు మంచి మాటకారి. "మనుషులకైతే కుర్చీ వేస్తారు, కుక్కకి వెయ్యరేం?" అని ఆయన్ని ఎగతాళి చేసింది. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గంటసేపు కూర్చున్నా అది నా దగ్గరికి రాలేదు. తిరుగు బస్సులో అది ఆయన కాళ్ల మధ్య, నాకు ఎంత దూరంగా జరగగలదో అంత దూరంగా జరిగి పడుకుంది.

ఆదివారం చర్చిలో లేవకుండా కూర్చున్నాను. కుర్చీలాయన చెయ్యి వస్తే రెండు చేతులా పట్టుకున్నాను. ఆ మాట నా నోట రాలేదు. ఆ మాట పలికే హక్కు నాకుందో లేదో తెలియలేదు. ఇద్దరి తరఫునా ఆయనే పలికాడు.

పెరట్లో తూముకు వేడినీళ్లు పోకుండా కాలువ వేరే వైపుకు తిప్పించాను. ఇంటి పనయ్యాక రోజూ మధ్యాహ్నం మా ఆయన మంచం మీద కూర్చుంటాను. చెంచా తీసి ఆ నొక్కుల మీదే మూడుసార్లు కొడతాను. మొదట్లో అవతల నుంచి ఏమీ వినిపించేది కాదు. ఇరవయ్యో రోజో ఇరవై ఒకటో రోజో, కొట్టాక గోళ్ల చప్పుడు వినిపించింది. మూడు కాళ్లు నేల తాకిన చప్పుడు, ఒక కాలు ఈడ్చిన చప్పుడు. గోడదాకా వచ్చి ఆగింది. తర్వాత బరువుగా కూలబడినట్టు వినిపించింది, గోడకు ఆనుకుని.

మొరగలేదు.

"నెమ్మదిగా చదువుకుంటోందిలే చెల్లెమ్మా" అని అవతల నుంచి కుర్చీలాయన గొంతు వినిపించింది. "మీలాగే."

నేను చెంచా ఒళ్లో పెట్టుకుని, గోడకు ఇవతల వీపు ఆనించి కూర్చున్నాను.